ఐసీయూ డాబా మీద విన్న గొంతు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇది చదివాక నన్ను ఏదో రకం మనిషి అనుకుంటారేమోనని ముందే చెప్పేస్తున్నాను. నేను ఏసీ మెకానిక్‌ని. ఉండేది బాపట్ల. ఇళ్ళల్లో గోడకి తగిలించే ఏసీలు కాదు, ఆసుపత్రులకీ కల్యాణ మండపాలకీ పెద్ద షాపులకీ డాబా మీద బిగించే పెద్ద మిషన్లు నా పని.

మా పనిలో వింత శబ్దాలు మామూలే. రేపల్లెలో ఒక బట్టల షాపులో, పై గదిలో ఎవరో ఆడమనిషి మూలుగుతోందని పనిచేసే అమ్మాయిలు అక్కడికి వెళ్ళడం మానేశారు. గుమ్మానికి నిమ్మకాయలు కట్టారు. నేను వెళ్ళి చూస్తే గాలి గొట్టం లోపల రేకు ఊడి కొట్టుకుంటోంది. స్క్రూ బిగించగానే మూలుగు ఆగిపోయింది. శబ్దం వచ్చిందంటే దానికి కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. నా నమ్మకం అంతవరకే.

ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం కారణం దొరకలేదు. చాలా వెతికాను.

మా చెల్లెలు కోటేశ్వరిని కొల్లిపర దగ్గర ఒక ఊళ్ళో ఇచ్చాం. కోటి అని పిలుస్తాం. దాని భర్త సాంబ అరటి, పసుపు వేస్తాడు. అది ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మా ఇద్దరికీ తల్లీ తండ్రీ లేరు. దానికి నేను, నాకు అది.

పోయిన వేసవిలో ఉక్కపోత తట్టుకోలేక వరండాలో చాప వేసుకుని పడుకుంది. పొద్దున్నే లేచి కడుపులో నొప్పి అంది. కాసేపటికి కళ్ళు మూతలు పడిపోతున్నాయి, ఎత్తలేకపోతున్నాను అంది. మంచినీళ్ళిస్తే మింగలేకపోయింది. సాంబ ఆటోలో వేసుకుని తెనాలి తీసుకొచ్చేసరికి మాట ముద్దయిపోయింది. కట్లపాము అన్నారు డాక్టర్లు. కరిచిన గుర్తు కూడా సరిగ్గా కనపడలేదు.

నేను రేపల్లెలో పనిలో ఉన్నాను. ఫోన్ రాగానే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని అలాగే బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టేశారు. కాళ్ళూ చేతులూ పడేసినట్టు ఉన్నాయి. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నమ్మాయి. పక్కకి పిలిచి చెప్పింది.

"విషం కండరాల్ని పట్టేసిందండి. ఊపిరి కూడా తనంతట తను తీసుకోలేదు. మందు ఇచ్చాం. కండరాలు తేరుకునేదాకా మిషనే ఊపిరి పోయాలి. రోజులు పడుతుంది. కనురెప్ప కదపలేకపోయినా లోపల స్పృహ ఉండొచ్చండి, మాట్లాడుతూ ఉండండి."

ఏం మాట్లాడాలి? పాదం పట్టుకుని "కోటీ, అన్నయ్యనే" అన్నాను.

మర్నాడు సాయంత్రం పెద్ద గాలివాన కొట్టింది. కరెంటు పోయింది. ఆసుపత్రి జనరేటర్ తెల్లవార్లూ నడిచింది. పొద్దున కరెంటు వచ్చింది గానీ ఆసుపత్రికి వచ్చే కేబులు కాలిపోయి ఉంటే ఎలక్ట్రీషియన్ వచ్చి అతుకు వేసి వెళ్ళాడు. అతుకు పడేవేళకే జనరేటర్ రేడియేటర్ పగిలి ఆగిపోయింది. కరెంటు వచ్చేసిందిగా అని ఎవరూ కంగారు పడలేదు.

కానీ ఐసీయూ చల్లబడలేదు.

ఐసీయూ పై అంతస్తులో ఉంది. నెత్తిన డాబా. కిటికీలన్నీ తెరవడానికి వీల్లేని అద్దాలు. ఏసీ మిషన్ పైన తిరుగుతోంది, లోపల గాలి సన్నగా వస్తోంది, ఆ గాలి మాత్రం వేడిగా ఉంది. ఊళ్ళోంచి ఒక మెకానిక్ వచ్చి చూసి, కంప్రెసర్ పోయింది, కొత్తది విజయవాడ నించి తెప్పించాలి, ఇవాళ అయ్యే పని కాదు అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆ గదిలో నిలబడలేకపోతున్నాం. కోటికి ఒళ్ళు కాలిపోతోంది. ఇంతలో వెంటిలేటర్ కూత పెట్టడం మొదలెట్టింది. వేడెక్కిపోయిందట. సిస్టర్ గబుక్కున దాన్ని విడదీసి, గొట్టానికి రబ్బరు బ్యాగు తగిలించి చేత్తో నొక్కడం మొదలెట్టింది. అది నొక్కితే మా చెల్లెలి ఛాతీ లేస్తుంది, వదిలితే పడుతుంది.

"గుంటూరు తీసుకెళ్ళిపోండి," అంది డాక్టరమ్మ. "వెంటిలేటర్ ఉన్న అంబులెన్స్ దొరకట్లేదు. మామూలు దాంట్లోనే, దారి పొడుగునా ఇలా బ్యాగు నొక్కుతూ వెళ్ళాలి."

"అలా వెళ్తే బతుకుద్దా అండీ?" అని అడిగాడు సాంబ.

ఆ అమ్మాయి తల దించుకుంది. "నేనేం చెప్పలేనండి."

సాంబ నా వైపు తిరిగాడు. చెమటో కన్నీళ్ళో, మొహమంతా తడిగా ఉంది. "బావా, నువ్వు చేసే పని ఇదే కదా. ఒక్కసారి పైకెళ్ళి చూడు బావా."

సంచీ తీసుకుని పైకి పరిగెత్తాను.

డాబా మీద కాలు పెట్టలేనంత వేడి. రేకు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. మిషన్ తిరుగుతూనే ఉంది, కానీ కంప్రెసర్ లోంచి గరగరమని చెడ్డ మోత. కరెంటు చూశాను. మూడు ఫేజులూ సరిగ్గానే వస్తున్నాయి. స్విచ్చులు చూశాను, బాగున్నాయి. గ్యాస్ గేజీలు తగిలించాను. కంప్రెసర్ మంచిదైతే ఒక ముల్లు పైకి లేవాలి, ఇంకోటి కిందికి దిగాలి. రెండూ ఒకేచోట నిలబడి ఉన్నాయి. అంటే అది గ్యాస్‌ని నెట్టట్లేదు. లోపల పోయినట్టే లెక్క. ఆ మెకానిక్ చెప్పింది తప్పు కాదనిపించింది.

ఒప్పుకోబుద్ధి కాలేదు. మళ్ళీ మొదట్నించీ చూశాను. మళ్ళీ అంతే. ఆఫ్ చేశాను, ఆన్ చేశాను. అదే మోత. మామూలుగా నేను కంగారు పడే మనిషిని కాదు. ఆ రోజు చూసిందే చూస్తున్నాను, విప్పిందే విప్పుతున్నాను. స్పానర్ రెండుసార్లు జారి పడింది.

సాంబ ఫోన్ చేశాడు. "అంబులెన్స్ వచ్చింది బావా. స్ట్రెచర్ తెస్తున్నారు. ఏమన్నా తెలిసిందా?"

"చూస్తున్నా," అని పెట్టేశాను. ఏడుపు ఆగలేదు.

ఐసీయూలో గాలి తిరిగి మిషన్లోకి వచ్చే పెద్ద గొట్టం ఒకటుంటుంది. డక్టు అంటాం. గాలికి ఏమన్నా అడ్డం పడిందేమోనని దాని పక్క తలుపు ఊడదీసి, తల లోపల పెట్టాను. గాలి తోసే బ్లోయర్ హోరుకి చెవులు గడియలు పడిపోతున్నాయి.

అప్పుడు వినిపించింది.

"ఏంటన్నయ్యా, ఎదురు తిరుగుతుంటే చూసుకోవేంటి?"

కోటి గొంతు. కలలో విన్నట్టు కాదు, దూరం నించి కాదు. చెవి పక్కన నిలబడి అన్నట్టు. కొంచెం విసుగ్గా కూడా. అది కుట్టుమిషన్ నేర్చుకునే రోజుల్లో నేను ఆకతాయిగా చక్రం వెనక్కి తిప్పితే దారం తెగిపోయేది. అప్పుడు ఇలాగే కసిరేది నన్ను.

నాకు భయం వెయ్యలేదు. ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే. గొంతులో గొట్టం తీసేశారు, కోటి మాట్లాడుతోంది! ఆనందం పట్టలేక, మెట్లు సగం దూకుతూ సగం పడుతూ కిందికి వెళ్ళాను.

మంచం పక్కన స్ట్రెచర్ ఉంది. గొంతులో గొట్టం అలాగే ఉంది. కళ్ళు మూసే ఉన్నాయి, ఎండిపోకుండా రెప్పల మీద ప్లాస్టర్ కూడా వేసి ఉంది. సాంబ బ్యాగు నొక్కుతున్నాడు. సిస్టర్ పక్కనే నిలబడి నొక్కు, వదులు అని చెబుతోంది.

"ఎవరు మాట్లాడారు? కోటి మాట్లాడిందా?" అని అరిచాను.

సాంబ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఎలా మాట్లాడుద్ది బావా?"

"గొంతులో గొట్టం ఉంటే మాట రాదండి," అంది సిస్టర్ మెల్లిగా. "మీరు కాసేపు కూర్చోండి. ఎండ దెబ్బ తగిలినట్టుంది."

అప్పటికి గానీ ఆ మాట నా బుర్రలోకి దిగలేదు. నేను గొంతు విన్నాను గానీ మాట పట్టించుకోలేదు. ఎదురు తిరుగుతోంది.

"ఇంకాసేపు ఆపండి, కదపకండి," అని చెప్పి మళ్ళీ పైకి ఎక్కాను.

సంచీలోంచి తుడుచుకునే గుడ్డపేలిక తీసి మిషన్ పైనున్న ఫ్యాన్ మీదికి విసిరాను. ఆ ఫ్యాన్ లోపలి వేడిని ఆకాశంలోకి చిమ్మాలి. పేలిక ఎగిరిపోవాలి. అది ఎగరలేదు. జాలీకి అతుక్కుపోయింది, ఫ్యాన్ దాన్ని లోపలికి లాగుతోంది.

ఫ్యాన్ ఎదురు తిరుగుతోంది. కంప్రెసర్ కూడా ఎదురే తిరుగుతోంది, అందుకే గ్యాస్ నెట్టట్లేదు. అది చెడిపోలేదు. పొద్దున కేబులు అతికినప్పుడు ఫేజులు తారుమారయ్యాయి; మూడూ వస్తున్నా వాటి వరస మారితే మోటారు వెనక్కి తిరుగుతుంది. అలా జరిగితే మిషన్ని ఆపేసే చిన్న రిలే ఒకటి ఉండాలి. అది ఎప్పుడో పాడైతే దాన్ని తప్పించి డైరెక్టుగా వైర్లు కలిపేశారు ఎవరో.

మెయిన్ ఆపి, రెండు వైర్లు అటూ ఇటూ మార్చి బిగించాను. అంతే పని. దేవుడికి దణ్ణం పెట్టడం కూడా మర్చిపోయి స్విచ్ వేశాను. గరగర లేదు. మెత్తగా అందుకుంది. పేలిక ఎగిరి ట్యాంకు అవతల పడింది. గేజీలో ఒక ముల్లు లేచింది, ఒకటి దిగింది. కాసేపటికి వెనక పైపు మీద నీటి చుక్కలు పట్టాయి. ఆ చల్లటి పైపు రెండు చేతుల్తో పట్టుకుని అక్కడే కూలబడ్డాను.

గది చల్లబడ్డాక వెంటిలేటర్ మళ్ళీ పెట్టారు. అంబులెన్స్‌ని పంపించేశారు. కోటి చాలా రోజులు అలాగే ఉంది. ఒకరోజు కాలి బొటనవేలు కదిలింది. తర్వాత రెప్ప. తర్వాత గొట్టం తీశారు. ఇప్పుడు బాగానే ఉంది, గొంతు మాత్రం కొంచెం బొంగురు పోయింది.

ఆ మాట సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నాకు నేనే ఒక కారణం చెప్పుకున్నాను. ఫ్యాన్ ఎదురు తిరగడం నా కన్ను ఎప్పుడో చూసే ఉంటుంది, కంగారులో బుర్ర పట్టించుకోలేదు. చివరికి నా బుర్రే దాని గొంతుతో నాకు చెప్పింది. ఇది నాకు సమంజసంగానే అనిపించింది. అయినా, రిలే బిగించడానికి ఆ ఆసుపత్రికి మళ్ళీ వెళ్ళినప్పుడు పరీక్ష చేశాను. అదే తలుపు తీసి తల లోపల పెట్టి, అదే మంచం దగ్గర నిలబడి గట్టిగా పిలవమని సిస్టర్‌ని అడిగాను. హోరు తప్ప ఏమీ వినపడలేదు. అయితే నా బుర్రేనన్నమాట, పీడా పోయింది అనుకున్నాను.

తర్వాత ఒకరోజు కొల్లిపర వైపు పని ఉండి కోటి ఇంటికి వెళ్ళాను. నాకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. సాంబ పొలంలో ఉన్నాడు.

"ఆ రోజు, ఆసుపత్రిలో అంత ఉక్కగా ఉన్నప్పుడు," అని మొదలెట్టింది తనంతట తనే. "నువ్వు నన్ను ఎందుకు అడిగావన్నయ్యా? నాకేం తెలుసు మిషన్ల సంగతి?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నేనేం అడిగాను?"

"'నాకు తెలియట్లేదే కోటీ, నువ్వన్నా చెప్పవే' అని అడగలేదూ? పైనించి వినపడింది."

నిజమే, అనుకున్నాను. డాబా మీద, ఆ తలుపు ఊడదీస్తూ, సరిగ్గా ఆ మాటలే. కానీ మనసులో అనుకున్నాను. పెదవి కదపలేదు. నాకు బాగా తెలుసు, ఎందుకంటే స్క్రూలు పడిపోకుండా అప్పుడు నోట్లో పెట్టుకుని ఉన్నాను.

"నువ్వేం చెప్పావు మరి?" అన్నాను.

"ఏం చెప్పానో గుర్తులేదు. గొంతు చించుకుని అరిచాను. ఆయన పక్కనే ఉన్నాడు, సిస్టర్ ఉంది, ఒక్కళ్ళూ నా మాట వినిపించుకోలేదు. చచ్చిపోయాను కాబోలు, అందుకే నా మాట ఎవరికీ వినపడట్లేదు అనుకున్నాను. అప్పుడు నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చి 'కోటి మాట్లాడిందా' అన్నావు చూడూ..." అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అమ్మయ్య, బతికే ఉన్నాను అనుకున్నాను."

నేను విన్నది నా బుర్రలోంచి వచ్చిందే అనుకుందాం. నేను మనసులో అడిగింది, పెదవి దాటనిది, కింద ఆ మంచం మీద దానికి ఎలా వినపడింది? డాక్టరమ్మని అడిగాను. అలాంటప్పుడు ఏవేవో విన్నట్టు ఉంటుందండి అంది. కావచ్చు. కానీ సరిగ్గా ఆ మాటలే ఎందుకో ఆ అమ్మాయీ చెప్పలేకపోయింది. దెయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనను. ఇదేంటో మాత్రం నాకు తెలియదు. మీలో ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.