చివరి ఇంటి కుళాయి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం. వత్సవాయి మండలంలోని ఒక ఊళ్ళో నేను ఏఎన్ఎంని, అంటే ఊరి ఆరోగ్యం చూసుకునే నర్సుని. అంతకు చాలా ఏళ్ళ ముందు, ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సబ్‌సెంటర్ ఒక అద్దె గది. ఒక బల్ల, రిజిస్టరు, కొన్ని ఓఆర్ఎస్ ప్యాకెట్లు, అంతే. టీకాల డబ్బా భుజాన వేసుకుని బస్సులో తెచ్చుకునేదాన్ని. ఎవరికైనా సెలైన్ పెట్టించాలంటే జగ్గయ్యపేట పోవాల్సిందే. ఇప్పుడు సొంత భవనం ఉంది. మందులు, పరీక్షల కిట్లు, వీడియోలో మాట్లాడే డాక్టరు ఉన్నారు. మా శాఖ ఎంత పెరిగిందని ఎవరైనా అడిగితే మాత్రం నాకు ఆ వానాకాలమే గుర్తొస్తుంది.

ఆ వానాకాలం ఒక సోమవారం పొద్దున సబ్‌సెంటర్ తలుపు తీసేసరికి పడమటి వీధివాళ్ళు ముగ్గురు విరేచనాలతో నీరసపడి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఒకే వీధి నుంచి ముగ్గురు రావడంతో నాకు అనుమానం వచ్చింది. వాళ్ళకు ఓఆర్ఎస్ కలిపిచ్చి, సంచి తీసుకుని ఆ వీధికి వెళ్ళాను. దాదాపు ఇంటికొకరు మంచాన పడి ఉన్నారు.

చివరి ఇల్లు సువార్తమ్మది. పత్తి చేలకు కూలికి పోయే మనిషి. గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్ళు గుంటలు పడ్డాయి. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలితే మడత అలాగే ఉండిపోయింది. ఒంట్లో నీరు ప్రమాదకరంగా తగ్గిందనడానికి అది గుర్తు.

"నాకేం కాలేదు సిస్టరమ్మా. రెండు మాత్రలియ్యి. చేలో కలుపు సగంలో ఉంది."

"కలుపు ఎక్కడికీ పోదు. ముందు నువ్వు బతకాలి. 108కి ఫోన్ చేశా."

డాక్టరు వీడియోలో చెప్పినట్టే సెలైన్ ఎక్కించాను. అంబులెన్సు ఎక్కించేటప్పటికి ఆమె పిలిస్తే పలకడం లేదు.

ఆ వీధికి నీళ్ళొచ్చే ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. పంపు ఆపరేటరు కోటయ్య అప్పటికే నొచ్చుకుని ఉన్నాడు.

"బ్లీచింగ్ నా చేత్తోనే కలిపానండి. నా మీద పెడతారా?"

"నీ మీద పెట్టట్లేదు కోటయ్యా. నాతో రా, చూద్దాం."

ఓటీ టెస్టు చేశాం. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పోసి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్న నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. ట్యాంకు నీరు పసుపైంది. సువార్తమ్మ కుళాయి నీరు రంగు మారలేదు. ఇద్దరం ఒక్కో ఇల్లూ పరీక్షిస్తూ వెనక్కి వచ్చాం. రాఘవయ్య గారి కుళాయి దగ్గర మళ్ళీ పసుపు కనిపించింది. దానికి దిగువనున్న ఇంట్లో లేదు. ఆ రెండిళ్ళ మధ్యా ఉన్నది ఆయన వాకిట్లో కొత్తగా పోయించుకున్న సిమెంటు ర్యాంపు. దాని కింద మురిక్కాలవ, అందులోంచే మంచినీళ్ళ పైపు.

రాఘవయ్య గారు ఊళ్ళో పెద్ద రైతు.

"ర్యాంపు పగలగొట్టాలా? మా ఇంట్లో ఒక్కళ్ళకీ ఏమీ లేదు కదమ్మా" అన్నారు.

"మీ కుళాయి ర్యాంపుకి ముందుందండి, అందుకే లేదు. ర్యాంపు కింద పైపు పగిలుంటుంది. నీళ్ళు ఆపినప్పుడు అది మురుగుని లోపలికి లాక్కుంటంది. అవే నీళ్ళు మీ తర్వాతోళ్ళు తాగుతున్నారు."

ఆయన కుళాయి నీళ్ళు, పక్కింటి నీళ్ళు ఉన్న రెండు గొట్టాలూ ఆయన చేతికిచ్చాను. ఎండకు పెట్టి చాలాసేపు చూశారు.

"సువార్తమ్మ కలుపు తీసేది మా చేలోనే" అన్నారు మెల్లగా. తర్వాత కోటయ్య వైపు తిరిగి, "గునపం తేవయ్యా" అన్నారు.

మధ్యాహ్నానికి ర్యాంపు పగిలింది. పైపు జాయింటు చీలి మురుగులో మునిగి ఉంది. కోటయ్య కొత్త పైపును కాలవకు ఎత్తుగా బిగించాడు. లైనంతా క్లోరిన్ నీళ్ళతో కడిగించాం. అప్పటిదాకా ఆ వీధికి నీళ్ళ ట్యాంకరు లాక్కొచ్చింది రాఘవయ్య గారి ట్రాక్టరే. మర్నాడు సువార్తమ్మ కుళాయి నీరు పసుపుకు తిరగ్గానే కోటయ్య ఆ గొట్టాన్ని వీధంతా తిప్పి చూపించాడు. ఆ తర్వాత ఒకరిద్దరు జబ్బుపడ్డారు, వారం తిరిగేసరికి అదీ ఆగిపోయింది. ఒక్క ప్రాణం కూడా పోలేదు. సువార్తమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి, బస్సు దిగి తన కాళ్ళ మీద తను ఇంటికి నడిచింది.

నందిగామలో జరిగిన రివ్యూ మీటింగులో, ఎప్పుడూ వెనక కుర్చీలో కూర్చునే నన్ను ముందుకు పిలిచి అంతా చెప్పించారు. ఇకమీదట ఊరూరా చివరి ఇంటి నీళ్ళు కూడా పరీక్షించాలని పై అధికారి అక్కడికక్కడే చెప్పారు. ఆ రోజు నేను బస్సులో నిలబడి ఇంటికొచ్చినా అలసట తెలియలేదు.

చేరిన కొత్తలో విరేచనాలకు ఓఆర్ఎస్ ఇచ్చి వచ్చేసేదాన్ని. నెల తిరక్కుండా అదే ఇంటికి మళ్ళీ పోయి ఇచ్చేదాన్ని. ఈ నీళ్ళు ఎందుకు చెడ్డాయని అడిగే హక్కు నాకుందని అప్పట్లో తెలియదు. ఒక పెద్దరైతు వాకిలి తవ్వించేదాకా ఆ ప్రశ్న అడగడం నేర్చుకున్న రోజే మా శాఖ నిజంగా పెరిగింది. దానితోపాటు నేనూ పెరిగాను.