దిష్టిబొమ్మ లేని ఫొటో

అప్పట్లో, అంటే 2007 ప్రాంతంలో, నేను తిరువూరులో టీచరుగా చేసేదాన్ని. ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో అమ్ముకోవచ్చని తెలిసి కెమెరా కొన్నాను. పంపినవన్నీ సైటువాళ్లు తిరగ్గొట్టేవారు.

ఇదే ఆఖరు అనుకుని, రెడ్డిగూడెంలో సాంబయ్య బాబాయ్ కౌలుకు చేస్తున్న మామిడితోటకు వెళ్లాను. కొమ్మలు విరిగేంత కాపు. కానీ మంచి చెట్టుకే నల్లటి దిష్టిబొమ్మ వేలాడుతోంది. ఎటునుంచి చూసినా ఫొటోలోకి వస్తోంది.

“అడ్డమా టీచరమ్మా? తీసేస్తాలే,” అంటూ బాబాయే విప్పాడు.

“కాపు మీదుండగా తీయకూడదయ్యా!” అని వాళ్లావిడ మొత్తుకుంది.

“ఒక్క నిమిషమే పిన్నీ,” అన్నాను. ఫొటో బాగా వచ్చిన సంబరంలో బొమ్మ మాటే మరిచి బస్సెక్కేశాను.

ఆ సాయంత్రమే గాలివాన. పొద్దున్నే పరిగెత్తుకు వెళితే కాయలన్నీ నేలమీదే ఉన్నాయి. వాటి మధ్య కూలబడి పిన్ని ఏడుస్తోంది. దిష్టిబొమ్మ గట్టుమీద, పెట్టినచోటే తడిసి ఉంది. గాలికీ బొమ్మకీ సంబంధమేంటని పిల్లలకు చెప్పే నేనే ఆ బొమ్మను తీసి కొంగుతో తుడిచాను.

తిడతాడనుకున్న బాబాయ్ దగ్గరకొచ్చి, “నిన్నటి ఫొటో ఉందా అమ్మా? ఇంత కాపుండేదంటే పంట నష్టం రాసుకునే ఆఫీసర్లు నమ్మరు. అదొక్కటి ఇయ్యి,” అన్నాడు.

ప్రింటు వేయించి ఇచ్చాను. ఏ ఆఫీసరూ రాలేదు. ఆ ఫొటోను సైటుకు పంపడానికి నాకు చేతులు రాలేదు.

మరుసటేడు వాళ్లింటికి వెళితే అది గోడకు కనిపించింది. దాని మీద పిన్ని చిన్న దిష్టిబొమ్మ కట్టింది.