ఖోలీ అంటే ఖాళీ కాదు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గదిని గది అని ఎవరూ అనేవారు కాదు. అర్ర అనేవాళ్లం. ముందర అర్ర, వంట అర్ర, వడ్ల అర్ర. వీధి వైపు విడిగా తలుపు ఉన్న చివరి దానికి కిరాయి అర్ర అని పేరు. ఇప్పుడు కరీంనగర్‌లో ఏ సందులో తలెత్తినా హాస్టల్ బోర్డులే కనిపిస్తాయి గానీ, ఆ రోజుల్లో పై ఊళ్ల నుంచి కాలేజీకి వచ్చిన పిల్లలకు మాలాంటి వాళ్ల పెంకుటిళ్లలో ఇలాంటి చివరి అర్రలే దిక్కు. ఒక చాప, ఒక కిరసనాయిలు స్టవ్వు, చొక్కా తగిలించుకోవడానికి గోడకో మేకు. అంతే వాళ్ల సంసారం.

మా తాత ఇంటి ఓనరు అనే ఉద్యోగాన్ని చాలా శ్రద్ధగా చేసేవాడు. బావి దగ్గర ఎప్పుడు బట్టలుతకాలి, గేటు ఎప్పుడు వేయాలి, మేకు ఎక్కడ కొట్టకూడదు, అన్నీ ఆయనే చెప్పాలి. చెడ్డవాడు కాదు. కోపం తక్కువ, అలక ఎక్కువ. ఇల్లు కట్టేటప్పుడు ప్రతి పెంకూ ఆయన కళ్ల ముందే పైకెక్కిందట. అందుకని ఇంటిని ఎవరైనా ఒక మాట అంటే తనను అన్నట్టే ముఖం ముడుచుకునేవాడు. ఇల్లు కురుస్తోందని ఆయనకు చెప్పడమంటే ఆయన బిడ్డకు మెల్లకన్ను ఉందని చెప్పడమే.

అలాంటి ఇంట్లోకి ఒక వానాకాలం మధ్యలో ఆదిలాబాదు అక్క వచ్చింది. వాళ్లది ఆదిలాబాదుకు అవతల, మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి పల్లె. టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. వాళ్ల బాపు పత్తి మిల్లులో కూలి. తండ్రీ బిడ్డా ఇద్దరూ ఊరంతా తిరిగారు. ఒంటరి ఆడపిల్లకు ఇల్లు ఇచ్చేవాళ్లు దొరకలేదు. మా తాత కూడా తల అడ్డంగానే ఊపాడు. మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, వంట అర్రలోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఒక్కతి ఎట్లయితది? మనం లేమా?" అంది. ఆ మాటతో సామాను లోపలికి వెళ్లింది.

వెళ్లేటప్పుడు వాళ్ల బాపు గేటు దగ్గర ఆగి బిడ్డతో అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "గీ ఇంటి కాడ ఏ లొల్లి వచ్చినా సామాను కట్టుకొని వచ్చెయ్ బిడ్డా. ఇగ సదువు లేదు, ఏం లేదు." ఆయన కోపంగా అనలేదు. భయంతో అన్నాడు. ఆ అర్ర ఉన్నన్నాళ్లే ఆమెకు చదువు ఉంటుందని అంత చిన్న వయసులో నాకు కూడా అర్థమైంది.

ఆమె మాట మాకు కొత్త. తెలుగులో మరాఠీ అలవోకగా కలిసిపోయేది. మాతో కలిసి గచ్చకాయలు ఆడుతూ ఆడుతూ మా మాటలు పట్టేసింది. అర్ర అనడం కూడా నేర్చుకుంది. కానీ భయం వేసినప్పుడు మాత్రం వాళ్ల ఇంటి మాట బయటపడేది. మా తాత ముందు నిలబడితే ఆమెకు ఎప్పుడూ భయమే.

ఏడాది కావస్తుండగా మళ్లీ వానలు దగ్గరపడ్డాయి. ఆ ఎండాకాలమంతా మా వీధి పెంకుల మీద కోతులు కాపురం చేశాయి. ఒక సాయంత్రం తాత అరుగు మీద కూర్చుని రేడియోలో వ్యవసాయ కార్యక్రమం గట్టిగా పెట్టుకుని వింటున్నాడు. నేను పక్కనే చింతగింజలు ఏరుకుంటున్నాను. అక్క వచ్చి మెట్టు కింద నిలబడింది. ఎన్నాళ్ల నుంచో మనసులో వల్లె వేసుకున్న మాటను ఒక్క ఊపిరిలో అప్పజెప్పింది.

"తాతా, మా ఖోలీ సంగతి జర సూడుండ్రి. వానలకు ముందే అయిపోతే మాకు ఫికర్ ఉండది."

తాత ఆమె వైపు చూశాడు. తర్వాత, "సరే బిడ్డా, అట్లనే కానియ్" అన్నాడు.

ఆమె ముఖం వెలిగిపోయింది. గెంతుతున్నట్టుగా వెళ్లిపోయింది. తాత మాత్రం రేడియో కట్టేశాడు. "సొంత బిడ్డ లెక్క చూసుకుంటే ఏడాది నిండకముందే పోతదట" అని గోడకు చెప్పుకున్నట్టు గొణిగాడు. అక్క ఖోలీ అంది, వాళ్ల మాటలో అర్ర అని. తాతకు ఖాళీ అని వినిపించింది. ఇల్లు ఖాళీ చేసే సంగతి చూడమంటోంది, వానలకు ముందే వెళ్లిపోతుందట, అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కొట్టంలోంచి ఒక పాత చెక్క తెచ్చి కడిగాడు. దాని మీద సున్నంతో, తన ముత్యాల్లాంటి అక్షరాలతో, ‘ఇల్లు కిరాయికి ఇవ్వబడును’ అని రాసి కిరాయి అర్ర తలుపు పక్కన తగిలించాడు. అలిగినప్పుడు ఆయన చేతిరాత ఇంకా అందంగా వచ్చేది.

అక్క క్లాసు నుంచి వచ్చి ఆ చెక్క ముందు ఆగింది. చదివింది. చంకలో పుస్తకాలు పట్టుకుని అలాగే నిలబడి మళ్లీ చదివింది. ఏమైనా అంటుందేమో అని నేను చూస్తున్నాను. లోపలికి వెళ్లి తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.

ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటే నాకు వింతగా అనిపించేది ఆ మాట తప్పుగా వినబడటం కాదు. రేడియో మోతలో ఎవరికైనా అలా జరుగుతుంది. అంత చెడ్డ సంగతిని ఇద్దరూ అంత సులువుగా ఎలా నమ్మారు అన్నదే వింత. కిరాయికి ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు చెప్పాపెట్టకుండా పోతారని తాతకు ముందే తెలుసు. బాగు చేయించమని అడిగితే ఇంటివాళ్లు వెళ్లగొడతారని అక్కకు ముందే తెలుసు. ఇద్దరికీ ఇక అడగాల్సిన పని కనిపించలేదు.

తెల్లవారి మా బాపమ్మ గిన్నెలో పప్పు పట్టుకుని అటు వెళ్లింది. ఆమె కొంగు పట్టుకుని నేనూ వెళ్లాను. అక్క గిన్నెలన్నీ పాత చీరలో మూట కడుతోంది. కళ్లు వాచి ఉన్నాయి.

"గిదేంది బిడ్డా?" అంది బాపమ్మ.

"తాత పొమ్మన్నడు గద బాపమ్మా. బోర్డు పెట్టిండు."

"ఆయనెక్కడ పొమ్మన్నడు? నువ్వే పోతనన్నవని రెండు పూటల సంది సరిగ్గ తింటలేడు."

"నేనెప్పుడన్న? ఖోలీ సంగతి సూడుండ్రి అన్న. గంతే."

"అదే గదనే, ఖాళీ సంగతి."

"ఖాళీ కాదు బాపమ్మా, ఖోలీ!" అక్క అరచేత్తో గోడను తట్టింది. "గిదే. మీరు అర్ర అంటరు, మేం ఖోలీ అంటం. పైన కురుస్తున్నది, జర సూడుండ్రి అన్న."

బాపమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి గడప మీద కూలబడింది. అక్కకూ ఏడుపులోంచి నవ్వొచ్చింది. నవ్వు ఆగాక బాపమ్మ తలెత్తి పైకి చూసింది. పెంకుల సందుల్లోంచి ఎండ చాలా చోట్ల లోపలికి పడుతోంది. కిరాయికి ఇచ్చాక ఆ అర్రలో ఆమె కూర్చుని పైకి చూడటం అదే మొదటిసారి. ముఖంలో నవ్వు పోయింది.

నేను తాతకు చెప్పడానికి పరుగెత్తబోయాను. బాపమ్మ నా జడ పట్టుకుని ఆపింది. "ఇప్పుడు చెప్తే ఏం జేస్తడు? నవ్వుతడు, బోర్డు తీస్తడు. పెంక మాత్రం గట్లనే ఉంటది. ఊకో" అంది. ఆకాశం వైపు ఒకసారి చూసి మబ్బు ఎటు నుంచి వస్తోందో అంచనా వేసుకుంది.

ఆ రోజు బాపమ్మ ఏ పండుగా లేకుండానే ముందర అర్ర మొత్తం అలికేసింది. తాత అన్నం తిని కునుకు తీయడానికి వచ్చేసరికి నేలంతా పచ్చి తడి.

"ఏమే, ఇయ్యాల ఎందుకు అలికినవు? నేనెక్కడ పండుకోవాలె?"

"కిరాయి అర్రల పండుకోరాదు? ఎట్లయిన ఖాళీ అయితున్నది గద" అంది బాపమ్మ, ముఖం ఎటో తిప్పుకుని.

మంచం ఆమే మోసుకెళ్లింది. ఆమే చోటు చూసి వేసింది. అక్కను, నన్ను వంట అర్రలో కూర్చోబెట్టి చెరో చేట చేతికిచ్చింది. మాటా పలుకూ వద్దని కళ్లతోనే చెప్పింది. తాత గొణుక్కుంటూ వెళ్లి పడుకున్నాడు. కాసేపటికి గురక వినిపించింది. ఇంకాసేపటికి ఉరిమింది. ఆ ఏటి మొదటి వాన ధారగా దిగింది.

ముందు గురక ఆగింది. తర్వాత మంచం జరిపిన చప్పుడు. మళ్లీ జరిపిన చప్పుడు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమెకు నవ్వూ భయమూ రెండూ కలిసి వస్తున్నాయి. మంచం కోళ్లు నేల మీద కీచుమంటూ అర్రంతా తిరుగుతున్నాయి. చివరికి తాత కేక వినిపించింది.

"ఏమే! గిన్నెలు తేండ్రి! గిన్నెలు!"

"ఎవరి గిన్నెలు? ఆ పిల్ల అన్నీ మూట కట్టుకున్నది" అని బాపమ్మ ఇక్కడి నుంచే అరిచింది. కానీ లేచింది. మేము ముగ్గురం గోనె సంచులు కప్పుకుని వెళ్లాం.

తాత అర్ర మధ్యలో నిలబడి ఉన్నాడు. ధోతి తడిసిపోయింది. మంచం తడిసింది. గోడ వెంట నీళ్లు కారుతున్నాయి. మొత్తం అర్రలో ఒక్క మూల మాత్రమే పొడిగా ఉంది. అక్కడ అక్క పుస్తకాల పెట్టె ఉంది. తాత ఆ పెట్టెనే చూస్తున్నాడు.

"పోయినేడు గూడ గిట్లనే కురిసిందా బిడ్డా?"

"కురిసింది తాతా. గిన్నెలు పెట్టుకునేదాన్ని."

"గిన్నెలన్నీ కింద పెడితే వంట ఎట్ల?"

అక్క తన గిన్నెల మూట వైపు చూసింది. పోయిన వానాకాలం ఆ అర్రలోంచి టంగుటంగుమని శబ్దాలు వస్తుంటే నేను గుమ్మంలో కూర్చుని సంతోషంగా వినేదాన్ని. వాన పడ్డ రోజుల్లో ఆమె ఏం తిన్నదో మాలో ఎవరికీ తెలియదు.

"పండుకునుడు ఎక్కడ?"

"పెట్టె మీద కూసుంట తాతా, వాన ఎలిసేదాక."

తాత పెట్టె మీది నుంచి కళ్లు తిప్పి ఆమెను చూశాడు. "మరి నాకెందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్పిన గద తాతా. ఖోలీ సంగతి సూడుండ్రి అన్న."

"ఖోలీ అంటే?"

"అర్ర" అంది బాపమ్మ.

తాత ఆ మాటను పెదాల మీదే ఒకసారి పలికి చూసుకున్నాడు. ఆయన నవ్వుతాడని అనుకున్నాం. నవ్వలేదు. "సరే, నేను తప్పు విన్న. బోర్డు చూసినంక నువ్వన్న ఒక్కమాట అడగొద్దా?" అన్నాడు.

"ఇల్లుగల్లోళ్లను ఎట్ల అడుగుతం తాతా?"

ఆమె దెప్పుతూ అనలేదు. నీళ్లు పల్లానికి పోతాయి అన్నంత మామూలుగా అంది. ఎవరు ఎదురు చెప్పినా పది మాటలు సిద్ధంగా పెట్టుకునే మా తాత ఈసారి వానలోనే బయటికి వెళ్లి తలుపు పక్కన ఉన్న చెక్కను పీకాడు. కొట్టంలోంచి నిచ్చెన తెచ్చి లోపలి గోడకు ఆనించుకుని, బాపమ్మ వద్దు వద్దంటున్నా వినకుండా పైకెక్కి, అన్నిటికంటే ఎక్కువ కారుతున్న చోట పెంకుల కింద వాసాల మధ్య ఆ చెక్కను బిగించాడు. దిగి వచ్చి, "ఇయ్యాలటికి గిట్ల ఆపుదాం. నువ్వు మూట విప్పు బిడ్డా" అన్నాడు. అక్క అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. బాపమ్మ ఆమెను దగ్గరికి తీసుకుంది. ఎందుకో తెలియకుండా నేనూ ఏడ్చాను.

వాన తెరిపివ్వగానే పెంకులు సర్దే ఆయన వచ్చాడు. ముందర అర్ర నుంచి మొదలుపెడతానంటే తాత ఒప్పుకోలేదు. "ముందుగాల ఖోలీ. తర్వాతనే అర్రలు" అన్నాడు. ఆ మాట ఆ రోజు నుంచి మా ఇంట్లో నిలిచిపోయింది. కిరాయి అర్ర అన్న పేరు పోయింది. అది ఖోలీ, ఆమె ఖోలీ అక్క. కప్పు బాగయ్యాక ఆ చెక్కను తీసేస్తానంటే అక్కే తీయనివ్వలేదు. సున్నం అక్షరాలు కిందికి చూస్తూ ఉండేవి. వాటి కింద చాప వేసుకుని ఆమె ట్రైనింగు పూర్తి చేసింది. తర్వాత శ్రీరాంపూర్ వైపు టీచరుగా వెళ్లింది. నా పెళ్లికి వచ్చినప్పుడు పందిట్లోకి రాకముందే ఖోలీలోకి వెళ్లి తలెత్తి చూసుకుని వచ్చింది.

ఆ రోజు తర్వాత ఏటా వానలకు ముందు ఒక మధ్యాహ్నం తాత దిండు పట్టుకుని, అడిగి మరీ, ఖోలీలో ఒక కునుకు తీసి వచ్చేవాడు. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే, "ఇల్లు చూసుకుంటున్న" అనేవాడు.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు. నా వాటాకు వచ్చిన అదే జాగాలో మేం స్లాబు ఇల్లు కట్టుకున్నాం. పైన మూడు ఖోలీలు కాలేజీ పిల్లలకు ఇచ్చాం. ఉట్నూరు పిల్ల, ఆసిఫాబాద్ పిల్లలు ఇద్దరు, హుస్నాబాద్ అక్కాచెల్లెళ్లు. స్లాబు కురవదు కదా అంటాడు మా అబ్బాయి. కురవదు నిజమే. కానీ ఒక దాంట్లో మధ్యాహ్నం పడుకుంటే పెనం మీద పడుకున్నట్టే ఉంటుంది. ఇంకో దాంట్లో కుళాయి నీళ్లు ఎక్కవు. కింద నా మంచం మీద కూర్చుంటే ఇవేవీ నాకు తెలిసేవి కావు. నేను దిండుతో మెట్లెక్కుతుంటే, "అత్తమ్మ తనిఖీకి బయలెల్లింది" అని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ.

మొన్న ఉట్నూరు పిల్ల నా గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఏదో చెప్పబోయింది. నా ముఖం చూసి ఆగిపోయింది.

"ఏంది బిడ్డా?" అన్నాను.

"ఏం లేదు అమ్మమ్మా" అని వెనక్కి తిరిగింది.

నేను మంచం మీది దిండు తీసి చంకన పెట్టుకుని, ఆ పిల్ల వెనకాలే మెట్లెక్కాను.