దిష్టి తగిలిన సీడీ

కంప్యూటర్ మొరాయిస్తే మీరు వెతికేది కారణాన్నా, నిమ్మకాయనా?

సీడీల రోజుల్లో ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఉండేవాళ్లం. సరిహద్దులో ఉన్న పక్కింటి సైనికుడికి కూతురి తొలి అడుగుల వీడియో పంపాలి. సీడీ తీసుకెళ్లే మిత్రుడి రైలు ఆ సాయంత్రమే. మా కంప్యూటర్‌లో వీడియోను సీడీకి తగ్గట్టు మారుస్తుంటే, సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ మధ్యలో మూసుకుపోతోంది.

“పాపకి దిష్టి అన్నయ్యా, ఉప్పు తిప్పేస్తాను,” అంది పాప తల్లి సరళ.

“అచ్ఛా, మీరు చేసిన అమ్మవారి వ్రతం వీడియో పెట్టి చూద్దాం,” అన్నాను.

అదీ అలాగే ఆగింది.

“అమ్మవారికీ దిష్టేనా?”

“అమ్మవారి జోలికెళ్లకండి. ముందు కంప్యూటర్ సంగతి చూడండి.”

చూశాను. వీడియోలను చదివే కోడెక్‌లు రెండు ఒకే పనికి పోటీపడుతున్నాయి. నేను ఈమధ్యే కొత్తగా ఎక్కించినదాన్ని తొలగించాను. సీడీ తయారై రైలెక్కింది.

యంత్రం ఆగిందా? చివరగా మీరేం మార్చారో వెతకండి. ముందు దాన్ని తీసి చూడండి.