సుజాత వంతు

ఆగస్టు మొదటివారం వచ్చిందంటే రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో మా ఆఫీసు వెనకున్న స్కూల్లో బ్యాండు ప్రాక్టీసు మొదలవుతుంది. నేను కంప్యూటర్ తెరిచేసరికి డ్రమ్ములు మోగుతూ ఉంటాయి. చర్మం బిగి సరిగా లేని డ్రమ్మును నా చెవి వెంటనే పట్టేస్తుంది. అన్నంలో రాయి తగిలినట్టు ఉంటుంది నాకు. పక్క సీటాయన పిల్లలు ఎంత బాగా వాయిస్తున్నారో అని మురిసిపోతాడు. నేను లేచి కిటికీ మూసేస్తాను. నా చెవిని ఇలా పాడుచేసిన మనిషి దావీదు మాస్టారు. ఆయన పోయి మూడేళ్ళయింది.

మాస్టారిది ఏలూరు పక్క ఊరు. రాయ్‌పూర్‌లో రైలు వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరు. పగలంతా ఇనుముతో కుస్తీ పట్టి, సాయంత్రం సైకిలు మీద మా స్కూలుకి వచ్చి ఆడపిల్లల బ్యాండుకి నేర్పేవారు. ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులు. ఏ పండగకైనా పరేడ్, ఏ పరేడ్‌కైనా బ్యాండు. ఆయన నేర్పే పద్ధతి వేరు. మొదటి నెల చేతికి కర్రలిచ్చేవారు కాదు. ప్రతి దరువూ నోటితో చెప్పాలి, చెబుతూ నడవాలి. కాగితం మీద ఒక్క ముక్క రాయనిచ్చేవారు కాదు. రాసుకుంటే బుర్ర బద్ధకిస్తుందని ఆయన వాదన. పదహారుమంది ఆడపిల్లలం గ్రౌండులో "తడ తడ డం" అంటూ తిరుగుతుంటే గోడ అవతల జనం ఆగి మరీ నవ్వేవారు. నాకు సిగ్గుతో ప్రాణం పోయేది.

ఒకరోజు మా గొంతులు వింటూ ఆయన ఉన్నట్టుండి ఆగిపోయారు. స్కూలు డ్రమ్ములు పాతవి, కొన్నింటికి అతుకులు. వాటికన్నా మా నోళ్ళే బాగా పలుకుతున్నాయని ఆయనకి అప్పుడే తట్టిందట. ఆ రోజు నుంచి మా ప్రదర్శన మధ్యలో డ్రమ్ములన్నీ ఒక్కసారిగా ఆపించి, అదే దరువు గొంతులతో చెప్పించడం మొదలుపెట్టారు. ఊళ్ళో ఏ బ్యాండూ అలా చేయలేదు. బ్యాండంటే నోరు మూసుకుని వాయించేదని ప్రిన్సిపల్ మేడమ్ గట్టిగా నమ్మేది. ఆవిడ ముఖం చిట్లించినా మాస్టారు పట్టించుకోలేదు.

నేను లీడర్ని. వెండిరంగు గుండు ఉన్న పొడుగు కర్ర పట్టుకుని అందరికన్నా ముందు నడిచేదాన్ని. నా వెనక మొదటి వరుసలో కుడిచివర సుజాత. మా అందరిలో తనొక్కతికే విడిగా ఒక వంతు ఉండేది: అందరూ ఆగినప్పుడు తనొక్కతే వాయించే ఎనిమిది దెబ్బలు. అవి మాస్టారూ తనూ కలిసి కట్టుకున్నవి. పదో తరగతిలో ఉండగా, వానాకాలంలో సుజాతకి కామెర్లు వచ్చాయి. పదకొండు రోజుల్లో పోయింది. వాళ్ళమ్మ రత్నమ్మ శ్రీకాకుళం మనిషి, ఆస్పత్రిలో ఆయా. భర్త లేడు. ఉన్నది ఆ ఒక్క పిల్లే.

ఊళ్ళో స్కూలు బ్యాండ్ల పోటీలకి నెల కూడా లేదు. ఆ వంతు ఇంకొకరికి ఇమ్మని మేడమ్ చెప్పింది. మాస్టారు ఇవ్వలేదు. కవాతులో మనిషి తక్కువైతే ఆ చోటు ఖాళీగా వదిలి నడవడం మామూలే. ఆయన సుజాత చోటు అలాగే వదిలేశారు. ఆ ఎనిమిది దెబ్బలూ మేమందరం గొంతుతో చెప్పాలన్నారు. నేను కర్ర పైకెత్తి మొదటి మాట అందుకోవాలి, మిగతావాళ్ళు నాతో కలవాలి. రత్నమ్మ ఇంటికి స్వయంగా వెళ్ళి, వచ్చి వినమని పిలిచారు.

పోటీ రోజు పొద్దున మేడమ్ నన్నొక్కదాన్నే పక్కకి పిలిచింది. జడ్జీలు పాతకాలం వాళ్ళనీ, నోరెత్తితే మార్కులు పోతాయనీ చెప్పింది. ఉత్తమ లీడర్ మెడల్‌కి నా పేరు అనుకుంటున్నారనీ చెప్పింది. అంతా నీ చేతిలోనే ఉంది బేటీ, అంది. బలవంతం చేయలేదు. చేసి ఉంటే ఈ పాటికి ఆవిడని తిట్టుకుంటూ హాయిగా బతికేదాన్ని.

డ్రమ్ములు ఆగాయి. నేను కర్ర ఎత్తలేదు. నా వెనక పదిహేనుమంది కాదు, పద్నాలుగుమంది, నా గొంతు కోసం ఎదురుచూస్తూ ఎనిమిది అడుగులు నడిచారు. బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత డ్రమ్ములు అందుకున్నాయి. మాకు రెండో బహుమతి, నాకు మెడల్.

రత్నమ్మ జనాన్ని తోసుకుంటూ మాస్టారి దగ్గరికి వచ్చింది. ఆస్పత్రి చీరలోనే ఉంది.

"మా సుజాత వంతు ఎప్పుడొస్తాది మాస్టారూ? అయిపోనాదా?"

మాస్టారు నావైపు చూడను కూడా చూడలేదు. "నేనే మర్చిపోయానమ్మా. పిల్లలకి చెప్పడం మర్చిపోయాను," అన్నారు.

ఆవిడ మళ్ళీ జనాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయింది. తర్వాత ఆయనతో మాట్లాడలేదు. ఇద్దరిదీ ఒకే తెలుగు చర్చి. ఆయన గుమ్మం దగ్గర నిలబడితే ఈవిడ ఇంకో ద్వారంలోంచి పోయేది. సచ్చిన పిల్లని మర్చిపోయిన మనిషని పదిమందికీ చెప్పింది. ఆ మరుసటి ఏడు స్కూలు ఆయన్ని పిలవలేదు. కాలేజీలో చేరాక ఒకసారి వెళ్ళి ఎందుకలా చెప్పారని అడిగాను.

"నువ్వు పదిహేనేళ్ళ పిల్లవి. నా భుజానికి డ్రమ్ము బెల్టు బరువు అలవాటేలే," అన్నారు. ఆవిడతో నిజం చెప్పాలనిపిస్తే నేనే చెప్పాలనీ, తను మాత్రం చెప్పనన్నారు.

చెబుదాం, చెబుదాం అనుకుంటూనే ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. పోటీ రోజు నుంచి పద్నాలుగేళ్ళు నెట్టుకొచ్చాను. భయమే తప్ప ఇంకో కారణం లేదు. మాస్టారిని సమాధి చేసిన రోజున రత్నమ్మ రాలేదు. వారం తర్వాత నేనే వాళ్ళింటికి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపలేదు.

"పద్నాలుగేళ్ళు ఆ మనిషిని చూసి మొకం తిప్పుకుని ఎల్లినాను," అంది చివరికి. "ఇప్పుడు నానెవులికి చెప్పుకోవాల?"

చేట పక్కన పెట్టి, నన్ను తిట్టకుండా, ఆ ఎనిమిదీ ఇప్పుడు చెప్పమంది. ఒక్కసారి వింటానంది.

నోరు తెరిచాను. ఐదు వచ్చాయి. మళ్ళీ మొదటినుంచి అందుకున్నాను. ఐదే. తర్వాత రోజుల్లో ఆనాటి పిల్లల నంబర్లు సంపాదించి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఒకరికి మొదటి రెండే గుర్తున్నాయి, ఒకరు సుజాత ఎవరని అడిగారు. కాగితం మీద ఎక్కడా లేదు. రత్నమ్మ ఆ రోజు నేను మూడోసారి మొదలుపెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, సాలు, ఇంటికెల్లమ్మా అంది. ఆ ఐదింటినీ రోజూ పొద్దున్న స్నానం చేస్తూ పైకే చెప్పుకుంటాను, ఇవి కూడా పోతాయేమోనని.