వదులుగ అల్లమన్న సార్

గద్వాల కాలేజీల మాకు కెమిస్ట్రీ చెప్పిన సార్ ఇక లేరు. హాస్టల్ మెస్‌ల అన్నం కలుపుతుంటే దోస్తు ఫోన్ చేసింది. "సార్ పోయిన్రే." "ఏ సార్?" అని అడిగిన, తెలిసి గూడ. "మనకెంతమంది సార్లున్నరే?" అని ఏడ్చింది.

నిజమే. తప్పు జవాబుకు అడ్డగీత కొట్టకుండ పక్కన 'మల్ల చూడు' అని రాసే సార్ ఆయనొక్కరే.

నేను హైదరాబాద్‌ల రిసెర్చ్ చేస్తున్న. కర్బన అణువులను వరుసగ జోడించి, లోపలంతా ఒకే కొలత రంధ్రాలుండే స్ఫటికాలు చేసే పని. ఆ రంధ్రాలల్ల వాయువులు నిలుస్తయి. గోడలకు ఏం తగిలిస్తే ఏ వాయువు ఎక్కువ నిలుస్తదో మనమే మార్చుకోవచ్చు. చెప్పుడు సులువు. మొదటి ఏడాదంతా నాకొచ్చింది ఉత్త పొడి. ఎక్స్‌రే పరీక్షల, స్ఫటికమైందని చెప్పే శిఖరం గీతల ఒక్కటి లేదు.

ఇక వదిలేసి వనపర్తిల టీచర్‌గ చేరుత అని చెప్పి వద్దామని సార్ ఇంటికి పోయిన. వాకిట్ల నులకమంచం అల్లుతున్నరు. తాడు నా చేతికిచ్చిన్రు. ప్రతి వరుసా గుంజి బిగించిన. కన్నాలు ఒకటి పెద్దగ, ఒకటి చిన్నగ వచ్చినయి.

"ల్యాబ్‌ల గూడ గిట్లనే చేస్తున్నవా బిడ్డా? అణువులు కలిసేటప్పుడు నీళ్లొస్తయి గద, ఏం చేస్తున్నవ్?"

"ఎప్పటికప్పుడు తీసేస్తున్న సార్. జల్ది అయితది."

"జల్ది అయితది, వంకర గూడ అయితది. నీళ్లుంటెనే తప్పుగ కలిసినవి ఇడిపోయి మల్ల సక్కగ కలుస్తయి. ముందు వదులుగ అల్లు. ఆఖర్ల గుంజుదాం."

లోపల్నుంచి ఆయన భార్య అందుకున్నది: "ఆయన ముచ్చట వినకమ్మా. చాయ్ సల్లారేదాక ఆగరు, రోజూ నాలిక కాల్చుకుంటరు."

"ఓపికంతా క్లాసులనే అయిపోతది" అని సార్ నవ్విన్రు.

వదిలేసే మాట ఎత్తకుండనే తిరిగొచ్చిన. గాజుగొట్టం మూసి, నీళ్లు లోపలనే ఉంచి, సన్నటి వేడికి వదిలిన. ఈసారి ఎక్స్‌రేల శిఖరాలు నిలబడ్డయి. ఫోన్ చేస్తే శభాష్ అనలేదు. "గాలిని పట్టుకున్నదా?" పట్టుకున్నది సార్ అని చెప్పిన. "ఏ గాలిని? అన్నిటినీ పట్టుకుంటే దానికి ఇష్టాయిష్టాలు లేనట్టే గద."

ఆ ఒక్క ప్రశ్న మీదనే ఇప్పటిదాక పని చేస్తున్న, కార్బన్ డయాక్సైడ్‌నే ఎక్కువ పట్టే గోడల కోసం.

సార్ ఆఖరి చూపుకు పోయొచ్చినంక కొత్త నమూనా ఓవెన్‌ల పెట్టిన. "జర తీసి చూద్దామే" అన్నది పక్క బల్ల అమ్మాయి. నా చెయ్యి పిడి దాక పోయింది. తలుపు వెచ్చగుంది. అరచెయ్యి దానికి ఆనించి, తియ్యకుండ అట్లనే నిలబడ్డ.