మునిరత్నం సోపు డబ్బా

నిన్న పొద్దున వాట్సాప్ గ్రూపు తెరిస్తే వరసగా జోడించిన చేతులు.

ఎవరి కోసమో తెలియక పైకి జరుపుకుంటూ వెళ్లాను.

మునిరత్నం ఫొటో. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఎప్పటిదో.

గుండెపోటట. ఆస్పత్రికి చేరేలోపే పోయాడట.

మొన్ననే కదా ఫోన్ చేసి, "సారూ, మీ రేడియో రెడీగా ఉండాది, వచ్చి తీసకపోండి" అన్నాడు.

నమ్మబుద్ధి కావడం లేదు.

ఆ చేతుల మధ్యలో ఒక పెద్దమనిషి రాశాడు: "తిరుపతి ఒక ఎలక్ట్రానిక్స్ మేధావిని కోల్పోయింది."

ఈయన పేరు రాయను. తొంభైలలో వీడియో స్టూడియో నడిపేవాడు. ఈ మేధావిని పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెట్టించింది ఈయనే.

నాకు డెబ్బై ఆరేళ్లు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

చిన్నవాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తాను. అప్పట్లో పెళ్లి వీడియో అంటే కేసెట్. దాన్ని వేసి చూసే, రికార్డు చేసే పెట్టె వీసీఆర్. రెండు వీసీఆర్‌లను వైరుతో కలిపితే ఇంట్లోనే ఇంకో కాపీ తీసుకోవచ్చు. అది స్టూడియో ఆయనకు నచ్చలేదు. మద్రాసు నుంచి ఒక మెషీన్ తెచ్చి, ఇచ్చే ప్రతి కేసెట్‌కూ లాక్ వేయడం మొదలుపెట్టాడు. టీవీలో చూస్తే అంతా బాగానే ఉంటుంది. కాపీ తీస్తే మాత్రం బొమ్మ ఒకసారి తెల్లగా వెలిగిపోతుంది, ఒకసారి చీకటైపోతుంది, అడ్డంగా చీలిపోతుంది. పెళ్లికూతురెవరో కూడా తెలియదు.

పెళ్లి మనది. చుట్టాలు మనవాళ్లు. కాపీ కావాలంటే ఆయన గుమ్మం ముందు నిలబడాలి.

బస్టాండు వెనక సందులో టీవీలు బాగుచేసే మునిరత్నం దీనికి విరుగుడు కనిపెట్టాడు. ప్లాస్టిక్ సోపు డబ్బాలో చిన్న సర్క్యూట్. రెండు వీసీఆర్‌ల మధ్య పెడితే ఆ లాక్ సిగ్నల్‌ను తీసేసి, శుభ్రమైన బొమ్మను అవతలికి పంపేది.

పదో తరగతి తప్పిన మనిషి. నేను ముప్పై ఏళ్లు కాలేజీ లైబ్రరీలో పనిచేశాను. డాక్టరేట్లు పుచ్చుకున్నవాళ్లను వందలమందిని చూశాను. నలుగురికి పనికొచ్చే వస్తువు ఒక్కటి చేసినవాణ్ణి ఇతన్నే చూశాను.

స్టూడియో ఆయన "దొంగ కేసెట్లు" అని ఫిర్యాదు చేశాడు. పోలీసులు డబ్బాలు, కొట్లో ఉన్న కేసెట్లతో సహా మనిషిని తీసుకెళ్లారు. ఎస్సై ఒక కేసెట్ వేయించి చూశాడట. ఎవరి బిడ్డకో చెవులు కుడుతున్నారు. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది.

"ఎవురి సొమ్ము దొంగిలించినాను సార్? ఈ బిడ్డి ఏడుపు కూడా ఆ స్టూడియో ఆయందేనా?" అన్నాడట మునిరత్నం.

ఎస్సై నవ్వి పంపేశాడు. డబ్బాలు మాత్రం తిరిగి ఇవ్వలేదు. మునిరత్నం మళ్లీ కొత్తది చేసుకున్నాడు.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాడు. కేసెట్ తెచ్చినవాళ్లు అందులో తాము ఎక్కడున్నారో చూపించాలి. అప్పుడే డబ్బా తగిలిస్తాడు. సినిమా కేసెట్లు తెచ్చేవాళ్లను, "నువ్వేమన్నా హీరోవా అబ్బా? యాడుండావో సూపించు సూస్తాం!" అని తరిమేసేవాడు.

నా సంగతికి వస్తాను.

నా భార్య పోయిన మరుసటి ఏడు, ఆమె గొంతు ఉన్న కేసెట్ ఒకే ఒక్కటి మిగిలిందని తెలిసింది. తిరుపతి పక్కనే తిరుచానూరులో జరిగిన ఆమె ఆఖరి చెల్లెలి పెళ్లిది. తీసింది ఆ స్టూడియో ఆయనే. అసలు టేపు మీద అప్పటికే ఇంకెవరి పెళ్లో ఎక్కించేశాడు. మరదలి దగ్గరున్న కేసెట్‌కు బూజు పడుతోంది. "ఒక్క రోజుకే బావా" అని ఇచ్చింది.

దాన్ని పట్టుకుని మునిరత్నం కొట్టుకు వెళ్లాను.

"యాడుండారో సూపించండి సార్," అన్నాడు.

నేను అందులో లేను.

ఆ పెళ్లికి నేను వెళ్లలేదు. పెద్దల్లుణ్ణి నేనైతే, శుభలేఖలో నా పేరు రెండో అల్లుడి పేరు కింద వేయించాడని మామ మీద అలిగి, ఇంట్లో పుస్తకం తెరిచి కూర్చున్నాను. అంత చదువూ అందుకు పనికొచ్చింది.

ఆ మాట చెప్పలేక, "ఎక్కడో ఉంటాను, చూద్దాం" అని అబద్ధమాడాను.

ఇద్దరం స్టూళ్ల మీద కూర్చుని చూశాం. తాళి కట్టడం అయిపోయింది. తలంబ్రాలు అయిపోయాయి. మునిరత్నం నా వైపు చూడలేదు.

భోజనాల బంతి వచ్చింది. నా భార్య పక్కన ఒక ఆకు ఖాళీగా ఉంది. ఎవరో కూర్చోబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈడ మా ఆయన కూర్చుంటాడక్కా. వస్తా ఉండాడు. బస్సు దొరికినట్టు లేదు."

"తిరప్తి నించి ఈడికి బస్సు దొరకలేదంటమ్మే!" అని ఆ అక్క ఎగతాళి చేసింది. బంతి అంతా నవ్వింది.

నా భార్య చెయ్యి తీయలేదు. వడ్డించే అతనితో, "ఈ ఆకులో కూడా పెట్టు నాయనా. వడలు రెండెయ్యి, ఆయనకి ఇష్టం" అంది.

నేను తల వంచుకున్నాను.

మునిరత్నం బొమ్మను అక్కడ ఆపాడు. టీవీ దగ్గరికి వెళ్లి ఆ ఆకు మీద వేలు పెట్టాడు.

"ఇదో, ఈడుండారు గదా సార్."

సోపు డబ్బా తగిలించి, కేసెట్ మొదటికి తిప్పి, రికార్డు బటన్ నొక్కి, టీ చెప్పొస్తానని బయటికి వెళ్లాడు. కేసెట్ అయిపోయేదాకా లోపలికి రాలేదు.

ఆ ఏడే మరదలి కేసెట్ పూర్తిగా పాడైపోయింది. మునిరత్నం తీసిన కాపీ నా దగ్గర ఉంది.

స్టూడియో ఆయన్ను అన్నాక, నన్ను నేను వదిలేస్తే అన్యాయం.

మునిరత్నాన్ని స్టేషన్‌కు తీసుకెళ్లిన రోజు, టీ కొట్టు దగ్గర నిలబడి "ఎంతైనా దొంగపనే" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మాట అతనికి చేరిందని నాకు తెలుసు. నేను కేసెట్ తీసుకెళ్లిన రోజు అతను ఆ సంగతి ఎత్తలేదు. ఆ తర్వాత ఇన్నేళ్ల స్నేహంలోనూ ఎత్తలేదు.

నేను రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ వచ్చాను.

నిన్న సాయంత్రం అతని కాళ్ల దగ్గర నిలబడి క్షమించమని అడిగాను. పెదవులు కదులుతుంటే, పక్కనున్నవాళ్లు ఏదో మంత్రం చదువుతున్నాననుకున్నారు.

పోయిరా మునిరత్నం.

నువ్వు వెళ్లిన చోట నీ ప్రాణానికి హాయిగా ఉండాలి.